బొలీవియా ట్రిప్ ప్లాన్: టికెట్ రేటు కన్నా ముందు ఎత్తు చూడండి

ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే దేశం గురించి. బొలీవియా. ముందే చెప్పేస్తున్నా, నేనింకా అక్కడికి వెళ్లలేదు. ప్లాన్ దశలోనే ఉన్నా. వెళ్లకుండానే వీడియో ఏంటి బ్రో అంటారేమో. ఈ ప్లాన్‌ని మూడుసార్లు చెరిపి మళ్లీ రాశా. ఎందుకు చెరపాల్సి వచ్చిందో తెలిస్తే బొలీవియాకే కాదు, పెరూకి, మన లేహ్‌కి వెళ్లేవాళ్లకి కూడా పనికొస్తుంది.

అసలు ఇది మా ఇంట్లో మొదలైంది. మాది గురజాల వైపు ఒక పల్లె. నాన్న మిర్చి రైతు. మొన్న కోతలప్పుడు ఇంటికెళ్తే కల్లంలో కాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. నేను ఫోన్ చూసుకుంటూ, "నాన్నా, మిరపకాయ అసలు మనది కాదంట. దక్షిణ అమెరికా వైపు పుడితే పోర్చుగీసోళ్లు ఓడల్లో మన దేశానికి తెచ్చారంట" అన్నా. "ఏందిరా నువ్వు చెప్పేది, మిరపకాయ మనది కాకపోతే ఇంకెవరిది?" అని కొట్టిపారేశాడు. రాత్రి అన్నాల దగ్గర మళ్లీ ఆయనే కదిపాడు. "ఆ దేశం యాడుందిరా? పోయి చూసొద్దామా?"

ఆయనకి 58 ఏళ్లు. బీపీ మాత్రలు వాడతాడు. హైదరాబాద్ దాటి పోయింది లేదు. అలాంటి మనిషి నోరు తెరిచి అడిగితే ఎట్టా కాదంటాం?

ఇంతకీ నాన్నకి చెప్పింది నిజమేనా అని తర్వాత కూర్చుని చదివా. మనం పండించే మిరప జాతి సాగులోకి వచ్చింది మెక్సికో వైపు. కానీ మొత్తం మిరప వంశం పుట్టిల్లు ఆండీస్ పర్వతాల వైపే. అడవి మిరపలు బొలీవియాలో ఇప్పటికీ రకరకాలుగా దొరుకుతాయి. మన వేరుశెనగ పుట్టింది కూడా బొలీవియా దక్షిణం, అర్జెంటీనా ఉత్తరం కలిసే చోటే. ఇంకో ముచ్చట చెప్తా. అక్కడ 'ల్యాహ్వా' అని ఒక పచ్చడి ఉంది. టమాటా, 'లొకోటో' అనే నల్ల గింజల మిరపకాయ వేసి రాతి మీద నూరతారు. ఆ రాయి పేరు 'బటాన్'. అచ్చం మన రోటి పచ్చడే!

సరే, ప్లాన్‌లోకి వద్దాం.

మొదటి ప్లాన్, అందులో ఉన్న బగ్

టికెట్ యాప్ ఓపెన్ చేసి లా పాజ్ అని కొట్టా. ఇండియా నుంచి డైరెక్ట్ ఫ్లైట్ లేదు. యూరప్ మీదుగానో, బ్రెజిల్‌లోని సావ్ పాలో మీదుగానో వెళ్లాలి. తక్కువ రేటున్న టికెట్ దొరికింది. దిగగానే సిటీ చూడటం, రెండో రోజు ఉయుని ఉప్పు మైదానం. లిస్ట్ రాసేశా.

ఉయుని అంటే మీకు తెలియకపోవచ్చు గానీ మీరు చూసే ఉంటారు. 2016లో వచ్చిన సరైనోడు సినిమా పాట షూటింగ్‌కి బొలీవియా వెళ్లారు. ఆ తెల్లటి ఉప్పు మైదానం అదే. డైరెక్టర్ బోయపాటి శ్రీను మన పక్కనే పెదకాకాని మనిషి. ఆ ఉప్పు మైదానం విస్తీర్ణం 10 వేల చదరపు కిలోమీటర్ల పైనే. మన పల్నాడు జిల్లా మొత్తం 7 వేల చిల్లర. అంటే జిల్లాకన్నా పెద్ద ఉప్పు కయ్య అన్నమాట. దాని కింద ప్రపంచంలోనే అతిపెద్ద లిథియం నిల్వల్లో ఒకటి ఉంది. మీ చేతిలో ఉన్న ఫోన్ బ్యాటరీలో వాడేది ఆ లోహమే.

ఇదంతా సూపర్. కానీ నేను ఒక కాలమ్ మర్చిపోయా. ఎత్తు.

లా పాజ్ సిటీ సుమారు 3,640 మీటర్ల ఎత్తులో ఉంది. దాని ఎయిర్‌పోర్ట్ పైనున్న ఎల్ ఆల్టోలో ఉంది, అది 4,000 మీటర్లు దాటుతుంది. ఊటీ 2,240. మచ్చు పిచ్చు, అదే రోబో సినిమాలో పాట తీసిన చోటు, 2,430 మాత్రమే. అంటే సముద్ర మట్టానికి కాస్త పైన ఉన్న మన పేట నుంచి బయల్దేరిన మనిషి విమానం తలుపు తీసేసరికి నేరుగా 4 కిలోమీటర్ల ఎత్తులో అడుగుపెడతాడు.

ఈ తప్పు నేను ఒకసారి చేశా

మూడేళ్ల కిందట నలుగురం ఫ్రెండ్స్ లేహ్ వెళ్లాం. ఢిల్లీలో ఎక్కితే గంటన్నరలో దిగాం. మూడు రోజులే సెలవు. అందుకని రెండో రోజు పొద్దున్నే ఖార్దుంగ్ లా, 5,359 మీటర్లు. ఆ ప్లాన్ వేసింది నేనే. ఆ రాత్రి మా బీటెక్ ఫ్రెండ్ ఒకడికి దగ్గు పట్టుకుంది. పడుకుంటే ఊపిరి ఆడట్లేదని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. మాలో రోజూ జిమ్‌కి పోయేది వాడొక్కడే. జలుబేమోలే అనుకుని రెండు గంటలు వేస్ట్ చేశాం. డాక్టర్ చూసి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది అన్నాడు. ఆక్సిజన్ పెట్టి, వీలైనంత త్వరగా కిందికి దించమన్నాడు. వాడిప్పుడు బాగానే ఉన్నాడు. కానీ ఆ రెండు గంటలు నాకు ఇప్పటికీ గుర్తొస్తాయి. అందుకే ఈసారి నాన్నతో అంటే భయమేసింది.

అసలు పైన ఏం జరుగుతుంది?

చాలామంది పైన ఆక్సిజన్ శాతం తగ్గుతుంది అనుకుంటారు. తగ్గదు. ఎక్కడైనా గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. పేటలో ఒక శ్వాసలో 100 ఆక్సిజన్ కణాలు లోపలికి పోతే, లా పాజ్‌లో అదే శ్వాసలో 65 దాకానే పోతాయి.

అప్పుడు ఒళ్లు ఏం చేస్తుంది? ముందు శ్వాస వేగం పెంచుతుంది, గుండె వేగం పెంచుతుంది. కానీ ఎక్కువగా ఊపిరి వదిలితే కార్బన్ డయాక్సైడ్ కూడా ఎక్కువగా బయటికి పోతుంది. రక్తం క్షారం వైపు జరుగుతుంది. మెదడు అది చూసి, ఇంత వేగం వద్దు అని బ్రేక్ వేస్తుంది. ఒక సిస్టమ్ స్పీడ్ పెంచుతుంటే ఇంకోటి తగ్గిస్తుంటుంది. ముఖ్యంగా నిద్రలో. అందుకే మొదటి రాత్రులు సరిగ్గా నిద్ర పట్టదు, ఉలిక్కిపడి లేస్తారు. దీన్ని సరిచేసేది కిడ్నీలు. అవి అదనపు క్షారాన్ని మూత్రంలో పంపేస్తాయి. దానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఎర్ర రక్త కణాలు పెరగడానికైతే వారాలు కావాలి.

తలనొప్పి, వికారం, నీరసం, కళ్లు తిరగడం వస్తే అది ఎత్తు జబ్బు. అక్కడే ఆగితే చాలాసార్లు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. విశ్రాంతిగా ఉన్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు అనుమానించాలి. తూలుతూ నడవడం, మాట తికమకపడటం ఉంటే మెదడు వాస్తోందని అర్థం. ఈ రెండూ ప్రాణం మీదికి తెస్తాయి. పొద్దున్నే చూద్దాంలే అనకూడదు. ఆ క్షణమే డాక్టర్ దగ్గరికి, కిందికి.

ఫిట్‌నెస్ ఉంటే రాదు అనుకోకండి. మా ఫ్రెండే ఉదాహరణ. మన మాలావత్ పూర్ణ 2014లో 13 ఏళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది, 2019లో దక్షిణ అమెరికాలోనే 6,961 మీటర్ల అకోంకాగువా ఎక్కింది. అంతటి వాళ్లు కూడా పైకెక్కి, కిందికొచ్చి పడుకుని, వారాల తరబడి ఒంటికి అలవాటు చేసుకునే శిఖరానికి పోతారు. మనం టూరిస్టులం, మనకి ఇంకా టైమ్ కావాలి.

రెండో ప్లాన్: కింద నుంచి పైకి

డాక్టర్లు చెప్పే లెక్క సింపుల్. మొదటి రోజే 2,750 మీటర్ల పైన పడుకోవద్దు. 3,000 దాటాక పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దు. ప్రతి వెయ్యి మీటర్లకి ఒక రోజు అదనంగా ఆగాలి. పగలు ఎక్కడ తిరిగారు అన్నదానికన్నా రాత్రి ఎక్కడ పడుకున్నారు అన్నది ముఖ్యం.

బొలీవియా అంతా కొండ కాదు. సాంతా క్రూస్ సిటీ 400 మీటర్ల దగ్గర ఉంటుంది, ఎండ మనకి అలవాటైనదే. 2019 మార్చిలో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ బొలీవియా వెళ్లినప్పుడు దిగింది కూడా ఈ ఊళ్లోనే. మాడ్రిడ్ నుంచి, సావ్ పాలో నుంచి ఇక్కడికి ఫ్లైట్లు ఉన్నాయి. కాబట్టి నా కొత్త వరస ఇది:

సాంతా క్రూస్‌లో 2 రాత్రులు. జెట్ లాగ్ ఇక్కడే వదిలించుకోవాలి, మనకీ వాళ్లకీ తొమ్మిదిన్నర గంటల తేడా.
కోచబాంబా, 2,550 మీటర్లు, 3 రాత్రులు.
సుక్రే, సుమారు 2,800 మీటర్లు, 3 రాత్రులు. రాజ్యాంగం ప్రకారం దేశ రాజధాని ఇదే, ప్రభుత్వం నడిచేది మాత్రం లా పాజ్ నుంచి.
ఉయుని, సుమారు 3,650 మీటర్లు. మొదటి రోజు పూర్తిగా రెస్ట్.
చివర్లో లా పాజ్. 2014 నుంచి ఊరి మీదుగా తిరుగుతున్న రోప్‌వే ఎక్కి చూడొచ్చు.

సుక్రే నుంచి ఉయునికి 850 మీటర్లు ఒకేసారి పెరుగుతోంది, 500 రూల్ దాటుతున్నాం. అందుకే కింద 6 రాత్రులు పెట్టా. ఇంకో జాగ్రత్త. ఉయునిలో 3 రోజుల జీప్ టూర్ ఫేమస్. అది 4,200 మీటర్ల పైన పడుకోబెట్టి, 4,800 దాటిన వేడి నీటి బుగ్గల దాకా తీసుకెళ్తుంది. నేను ఉప్పు మైదానం ఒక్క రోజు టూరే తీసుకుంటున్నా.

టికెట్ బుక్ చేసేముందు చూసుకోవాల్సినవి

సీజన్: జనవరి నుంచి మార్చి దాకా ఉప్పు మీద వాన నీళ్లు నిలిచి అద్దంలా కనిపిస్తుంది. రీల్స్‌లో చూసేది అదే. కానీ రోడ్లు దెబ్బతింటాయి. జూన్, జూలై రాత్రుళ్లు సున్నా డిగ్రీల కిందికి పోతుంది. మేం మే అనుకుంటున్నాం. నాన్న కాయలు అమ్ముకోవడం కూడా అప్పటికి అయిపోతుంది.

ఎల్లో ఫీవర్ టీకా: దీన్ని లైట్ తీసుకోకండి. బొలీవియా నుంచి వచ్చేవాళ్లని మన ఎయిర్‌పోర్ట్‌లోనే ఈ కార్డు అడుగుతారు. లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేసుకున్న 10 రోజుల తర్వాత కార్డు చెల్లుతుంది, ఒక్కసారి వేసుకుంటే జీవితాంతం సరిపోతుంది. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంలో వేస్తారు. ఏ రోజుల్లో వేస్తారో ముందే కనుక్కుని పాస్‌పోర్ట్‌తో వెళ్లండి. 60 దాటినవాళ్లు డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి.

వీసా: ఢిల్లీలో బొలీవియా ఎంబసీ ఉంది, తాజా నిబంధన అక్కడే కనుక్కోండి. దారిలో మారే దేశం ట్రాన్సిట్ రూల్ కూడా చూడండి. అమెరికా మీదుగా అయితే ఎయిర్‌పోర్ట్ మారడానికి కూడా వీసా ఉండాల్సిందే.

మందు: అసిటజోలమైడ్ అనే మాత్ర ఉంది. కిడ్నీలు రెండు మూడు రోజుల్లో చేసే పనిని ఇది త్వరగా చేయిస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్లు, వేరే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. మొదటి రోజుల్లో మందు పార్టీ వద్దు, నిద్ర మాత్రలూ వద్దు.

కోకా టీ: అక్కడ ప్రతి హోటల్లో ఇస్తారు, అక్కడ చట్టబద్ధం. కానీ గుర్తుగా ఉంటుందని ఒక్క టీ బ్యాగ్ కూడా ఇంటికి తేకండి. 1985 నాటి మన ఎన్‌డీపీఎస్ చట్టం కింద కోకా ఆకు నిషేధం. సరదా కాస్తా కేసు అవుతుంది.

తిండి: లా పాజ్ ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పప్పు మామూలు గిన్నెలో ఉడకడానికి చాలా ఎక్కువసేపు పడుతుంది, కుక్కర్ కావాలి. వండుకునే ఆలోచన ఉంటే రూమ్ బుక్ చేసేటప్పుడే అడగండి.

ఫోన్: స్పానిష్ ఆఫ్‌లైన్ అనువాదం, ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది, ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి. ఇన్సూరెన్స్‌లో ఎత్తు జబ్బు, అత్యవసర తరలింపు ఉన్నాయా లేదా చదివి తీసుకోండి.

మూడో ప్లాన్: నాన్నతో

కోటప్పకొండ మెట్లు ఎక్కి ప్రాక్టీస్ చేద్దాం అన్నాడు నాన్న. ఎక్కాం. ఆయాసం ఎంతో తెలిసింది, అంతే. అంత చిన్న కొండతో ఎత్తు అలవాటు కాదు. తర్వాత డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. ఈసీజీ, రక్త పరీక్షలు చేశారు. బీపీ అదుపులో ఉంది, కోచబాంబా దాకా పర్లేదు, ఆపైన అక్కడ ఎలా ఉంటే అలా అన్నారు.

అందుకే మూడో ప్లాన్‌లో ఒక రోల్‌బ్యాక్ పెట్టా. మనం కోడ్ రిలీజ్ చేసేటప్పుడు వెనక్కి వచ్చే దారి ఉంచుకుంటాం కదా, అలాగన్నమాట. సుక్రే మూడో రోజు పొద్దున నాన్నకి తలనొప్పి, ఆయాసం లేకపోతేనే ఉయుని టికెట్ కొంటాం. ముందే కొనం. ఉంటే ఇద్దరం సాంతా క్రూస్‌కి దిగిపోతాం. ఇద్దరం అని ఎందుకంటున్నానంటే, ఒకరిని హోటల్లో వదిలేసి ఇంకొకరు పైకి పోవడం అనే ఆప్షన్ నా షీట్‌లో తీసేశా. అంత దూరం పోయి ఉప్పు మైదానం చూడకుండా వస్తే నాకు బాధే. ఆ మాట నాన్నతో అన్నా కూడా.

ఆయన తేలిగ్గా తీసుకున్నాడు. "ఉప్పు చూడ్డానికి ఇంతదూరం ఎందుకురా, బాపట్ల పోతే సరిపోద్ది. ఆ నల్ల గింజల మిరపకాయ చూపించు చాలు" అన్నాడు. అది కోచబాంబా మార్కెట్లోనే దొరుకుతుంది.

మీలో ఎవరైనా అమ్మానాన్నలతో ఎత్తైన చోటికి ప్లాన్ చేస్తుంటే, ఇప్పుడే మీ షీట్ తీసి ప్రతి రాత్రి పక్కన ఎన్ని మీటర్లో రాయండి. అంకెలు చూశాక ఏం మార్చారో కామెంట్లో చెప్పండి. టీకా వేయించుకున్న రోజు ఇంకో ఎపిసోడ్ చేస్తా. ఉంటా మరి, బై.