చెద పొట్టలో వంటవాళ్లు

మొయినాబాద్ మీదుగా చేవెళ్ల వెళ్లే దారికి రెండు పక్కలా ఊడలు దించిన మర్రిచెట్లు. రోడ్డు వెడల్పు చేస్తే ఇవేమవుతాయన్న వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఇలాంటి పాత చెట్ల మీద ఎర్రమట్టి పూత కనబడితే చాలు, 'చెద పట్టింది, ఇక చెట్టు పోయినట్టే' అనేస్తారు. నిజానికి పెద్ద చెట్ల మీద ఆ మట్టి చాటున చెదలు తినేది ఎక్కువగా పైనున్న ఎండు బెరడునే.

ఎండు బెరడులో ఏముందని తింటాయి? సెల్యులోజ్ ఉంది. మనం తింటే అరగదు. గడ్డి మేసే ఆవుకైనా కడుపులోని సూక్ష్మజీవులు సాయం చేయాల్సిందే. చెదలదీ అదే కథ. అమెరికా శాస్త్రవేత్త ఎల్.ఆర్. క్లీవ్‌లాండ్ 1920లలో కొన్ని చెదల పొట్టలోని ఏకకణ జీవులను చంపేసి చూశాడు. చెదలు ఎప్పట్లాగే కట్టె తిన్నాయి. కానీ ఒంటబట్టక కొద్ది వారాల్లోనే చచ్చిపోయాయి! ఆ జీవులు మళ్లీ పొట్టలోకి చేరినవి మాత్రం బతికాయి. చెదలు సొంతంగానూ కొంత సెల్యులోజ్‌ను విడగొట్టగలవని 1998లో తేలింది. అయితే అది సగం పనే. కట్టెలో నత్రజని బహు తక్కువ. కొన్ని చెదల పేగుల్లోని బ్యాక్టీరియా ఆ లోటునూ గాలిలోంచి తీర్చేస్తుంది.

మన పొలాల్లో పుట్టలు పెట్టే చెదలది మరో పద్ధతి. (పుట్టల్ని చీమలు పెడతాయనుకుంటాం గానీ, పెట్టేవి ఇవే.) వీటి పొట్టలో ఏకకణ జీవులుండవు, బ్యాక్టీరియా ఉంటుంది. బయట మరో వంటవాడుంటాడు. నమిలి మింగిన ఎండుటాకు, పుల్ల పేగులోంచి త్వరగా బయటికొచ్చేస్తాయి. దాంతో పుట్ట లోపల తేనెతుట్టెలాంటి గడ్డలు కట్టి, వాటిపై టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పెంచుతాయి. మొండి లిగ్నిన్‌ను అది మెత్తబరుస్తుంది. కొన్ని వారాలకు ఆ గడ్డనే తింటాయి. మిగతా పని పేగులోని బ్యాక్టీరియాది. వానలు పడ్డాక పుట్ట మీద గొడుగుల్లా లేచేది ఈ శిలీంధ్రమే. పుట్టగొడుగు అన్న పేరు ఊరికే రాలేదు!

రైతు బాధ రైతుది. మొక్కజొన్న వేరు కొరికితే, పందిరి గుంజను మట్టి చేస్తే ఎవరు ఊరుకుంటారు? మాగని పశువుల ఎరువు వేయొద్దని వ్యవసాయాధికారులు చెప్పేది అందుకే. పచ్చి ఎరువులో అరగని పీచు ఉంటుంది, అది చెదలకు విందు. బాగా చివికిన ఎరువులోనైతే ఆ పీచును సూక్ష్మజీవులు ముందే తినేసి ఉంటాయి. నేలలో ఎండు చెత్త కరవై, వాన మొహం చాటేసినప్పుడే చెదలు పంట మీద ఎక్కువగా పడతాయి.

తొలకరికి దీపాల చుట్టూ మూగే ఉసిళ్లు ఈ చెదలే. రెక్కలు రాల్చుకున్న జంట మట్టిలో దూరి కొత్త కాపురం పెడుతుంది. పేగుల్లోని బ్యాక్టీరియా పిల్లలకు తల్లిదండ్రుల నుంచే అందుతుంది. శిలీంధ్రం విత్తనాన్ని మాత్రం చాలా రకాల్లో తొలి కూలిచెదలే బయటికి వెళ్లి తెచ్చుకోవాలి. అప్పటికి పాత పుట్టల మీద గొడుగులు విచ్చుకుని ఉంటాయి.