ఇంక్యుబేటర్ బోర్డు చూపే వేడి నిజమేనా? సరిచూసుకునే పద్ధతి, మరమ్మతులు

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో పత్తి, మిర్చితో పాటు నాటుకోళ్లు పెంచే రైతులు థర్మాకోల్ పెట్టెతో సొంతంగా ఇంక్యుబేటర్ చేసుకోవచ్చు. పిల్లలు సరిగా రాకపోతే తప్పు గుడ్లదనో, పుంజుదనో అనుకుంటాం. బల్బును ఆన్, ఆఫ్ చేసే చిన్న బోర్డును కూడా అనుమానించాలి. బోర్డు మీద 37.5 కనిపించినంత మాత్రాన గుడ్డు దగ్గర అంతే వేడి ఉందని కాదు.

ఎంత వేడి ఉండాలి?

ఫ్యాన్ ఉన్న పెట్టెలో 37.5 డిగ్రీల సెల్సియస్ (99.5 ఫారన్‌హీట్) ఉండాలి. ఫ్యాన్ లేకపోతే గుడ్డు పైభాగం ఎత్తులో 38.3 నుంచి 38.8 వరకు ఉండాలి. వేడి తగ్గితే 21వ రోజు దాటాక నీరసమైన పిల్లలు వస్తాయి. ఎక్కువైతే ముందే పొదిగి, బొడ్డు మానని పిల్లలు వస్తాయి. ఇంకా పెరిగితే గుడ్డులోనే చనిపోతాయి.

సరిచూసుకునే పద్ధతి

1. ప్లాస్కులో సుమారు 38 డిగ్రీల గోరువెచ్చని నీరు పోయాలి.
2. సెన్సర్ కొనను, జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ కొనను పక్కపక్కన ముంచి, నీటిని కలుపుతూ ఉండాలి. సెన్సర్ లోహపు తొడుగు వరకే మునగాలి.
3. థర్మామీటర్ బీప్ అన్న క్షణంలోనే రెండు అంకెలూ రాసుకోవాలి. ఆ థర్మామీటర్ గరిష్ఠ వేడినే పట్టి ఉంచుతుంది కాబట్టి ఆలస్యంగా చూస్తే లెక్క తప్పుతుంది.
4. ఫారన్‌హీట్ అయితే 32 తీసేసి 1.8తో భాగించాలి.
5. ఇలా మూడుసార్లు చూసి, తేడాను బోర్డులో సరిచేయాలి.

ఎక్కువగా దొరికే డబ్ల్యూ 1209 బోర్డులో సెట్ బటన్ నొక్కి పట్టుకుంటే పీ0 నుంచి వరుసగా మెనూ వస్తుంది. పీ4 తేడా సరిచేసేది. బోర్డు 38.2, థర్మామీటర్ 37.5 చూపితే పీ4లో -0.7 పెట్టాలి. పీ1లో 0.3 నుంచి 0.5 వరకు చాలు. అది 2 దగ్గరే ఉంటే వేడి రెండు డిగ్రీల మేర ఊగుతుంది.

లోపం ఎక్కడ?

* డిస్‌ప్లే వెలగకపోతే: 12 వోల్టుల అడాప్టర్‌ను మల్టీమీటర్‌తో చూడాలి.
* ఎల్ఎల్ఎల్ అని వస్తే: సెన్సర్ వైరు తెగింది లేదా ఊడింది. బోర్డు నుంచి తీసి కొలిస్తే 25 డిగ్రీల దగ్గర సుమారు 10 కిలో ఓమ్స్ చూపాలి.
* చల్లగా ఉన్నప్పుడు బల్బు ఆరి, వేడెక్కాక వెలిగితే: పీ0లో సి ఉంది, హెచ్‌కి మార్చాలి.
* రిలే టక్కుమన్నా బల్బు వెలగకపోతే: బల్బు, హోల్డర్, వైర్ల బిగింపు చూడాలి.
* బోర్డు లైటు ఆరినా బల్బు వెలుగుతూనే ఉంటే: రిలే అతుక్కుపోయింది. ఇది అన్నిటికన్నా ప్రమాదం. వెంటనే ప్లగ్ తీసి బోర్డు మార్చాలి. తట్టి వాడొద్దు.

ఈ ఒక్క లోపంతో పెట్టెలోని గుడ్లన్నీ పోవచ్చు, థర్మాకోల్ అంటుకోవచ్చు. అందుకే బల్బు లైన్‌లో 39 డిగ్రీలకు ఆగేలా రెండో థర్మోస్టాట్ పెట్టుకోవాలి. బల్బు, థర్మాకోల్ మధ్య ఖాళీ ఉంచాలి.

జాగ్రత్తలు

* రిలే వైపు 230 వోల్టులు ఉంటాయి. ప్లగ్ తీశాకే చెయ్యి పెట్టాలి. తెలియకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.
* సెన్సర్‌ను గుడ్డు ఎత్తులో, బల్బుకు దూరంగా కట్టాలి.
* మన దగ్గర మే ఎండల్లో గది 40 దాటితే బోర్డు బల్బును ఆర్పగలదే గానీ పెట్టెను చల్లబరచలేదు. ఆ నెలలో చల్లని గది లేకపోతే గుడ్లు పెట్టకపోవడమే మేలు.
* బోర్డు సరిచేశాక ఖాళీ పెట్టెను 24 గంటలు నడిపి, అంకె నిలకడగా ఉంటేనే గుడ్లు పెట్టాలి. ప్రతి విడతకు ముందు ఇలాగే చేయాలి.

కోళ్ల పెంపకంపై సందేహాలుంటే గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ, దగ్గరలోని పశువైద్యశాలను గానీ సంప్రదించగలరు.