పగడపు పొరలలో అణుయుగము

పసిఫిక్ మహాసముద్రమున మార్షల్ దీవులలో ఎనివెటాక్ అను పగడపు దీవుల వలయ మొకటి కలదు. 1947లో అచ్చటి ప్రజలను వారి గడ్డమీదినుండి తరలించి, 1948 మొదలు 1958 వరకు అమెరికా ప్రభుత్వము అచ్చట నలువదికి పైగా అణ్వస్త్రములను ప్రేల్చినది. వానిలో 1952 నవంబరు 1వ తేదీ నాటి ఉదజని బాంబు ఎలుగెలాబ్ అను దీవిని రూపుమాపి, దాని చోట సముద్రగర్భమున పెద్ద గోతిని మిగిల్చినది. ఆ వలయములో బ్రదికిన పగడములు ఆ ప్రేలుళ్ల ధూళిని తమ రాతిదేహములలో పొరలుగా దాచుకొనినవి. పిమ్మట నట్సన్, బడ్డెమయర్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు ఆ పగడములను పలుచని పలకలుగా కోసి ఎక్స్ కిరణములతో చిత్రములు తీయగా, చెట్టుమ్రానులోని వలయములవలె దట్టమైన చారయు, పలుచని చారయు ఒకదాని వెంట నొకటి కనబడినవి. ప్రేలుళ్ల తేదీలు తెలిసినవే గనుక, అణుధూళి చిక్కిన పొరలతో సరిపోల్చి, చారల జత యొకటి ఒక సంవత్సరపు పెరుగుదల యని వారు 1972లో రుజువు చేసిరి.

పగడమనగానే మన ఆడువారు దండలలో గ్రుచ్చుకొను ఎర్రని పూస స్ఫురించును. ఇది ఆ జాతిది కాదు. వెచ్చని, లోతు తక్కువ సముద్రములలో చిన్ని జీవులు వేలకొలది గుమిగూడి, నీటిలో కరగియున్న సున్నమును, కర్బనమును తీసికొని రాతిగూళ్లు కట్టుకొనుచు, పాతగూటిపై క్రొత్తగూటిని నిలుపుచు, ఏటికి సుమారొక సెంటీమీటరు చొప్పున పెరుగును. ఏ యేటి పొరలో ఆ యేటి సముద్రపు పైనీటి కర్బనమే నిలిచిపోవును.

ఆ కర్బనములో మిక్కిలి స్వల్పభాగము కార్బన్-14. విశ్వకిరణముల తాకిడిచే ఆకాశమున నత్రజని నుండి పుట్టి, 5,730 ఏండ్లకు సగము నశించు పదార్థమిది. నేలబొగ్గు, రాతినూనె కోట్ల యేండ్లనాటివి గనుక వానిలో నిది బొత్తిగా లేదు; వానిని కాల్చినకొలది గాలిలో దీని పాలు పలుచబడును. 1955లో హాన్స్ సూస్ చెట్ల కలపయందు గుర్తించిన ఈ మార్పునకు ఆయన పేరే నిలిచినది. బాంబులు దీనికి విరుద్ధముగా పనిచేసినవి: వాని న్యూట్రాన్‌లు క్రొత్త కార్బన్-14ను పుట్టించి, 1963 ప్రాంతమున ఉత్తరార్ధగోళపు గాలిలో దాని పాలును ఇంచుమించు రెండింతలు చేసినవి.

ఈ రెండు ముద్రలును సముద్రమున ఎట్లు పడినవి? ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున సముద్రజలమును పట్టి అందలి కార్బన్-14ను కొలిచినవారే లేరు. ఎలెన్ డ్రఫెల్, లినిక్ అనువారు ఫ్లోరిడా తీరపు పగడమును ఏటి పొరలుగా వేరుచేసి కొలిచి 1978లో ఆ లోటు తీర్చిరి. 1900 నుండి 1950 ప్రాంతము వరకు కార్బన్-14 వెయ్యింట పదిపాళ్ల మేర తరిగినది. అది పొగగొట్టముల జాడ. పిమ్మట అది నిట్టనిలువుగా లేచినది. అది బాంబుల జాడ. కాని గాలిలో కంటె ఆ పెరుగుదల మిక్కిలి తక్కువ. దాని శిఖరము గాలికంటె సుమారు పదేండ్లు వెనుకబడినది. ఆ తక్కువతనములో, ఆ ఆలస్యములోనే, సముద్రము బొగ్గుపులుసు వాయువును ఎంత వేగమున పీల్చుకొనునో, లోతులకు ఎట్లు దించుకొనునో తెలిపెడి లెక్క యున్నది. నేడు సముద్ర ప్రవాహములను గణితముతో చిత్రించువారు తమ లెక్కలను పరీక్షించుకొనుట కిట్టి కొలతలు ఆధారములు.

గాలపాగోస్ దీవుల కథ నాకు మరింత ఆశ్చర్యకరముగా తోచును. అచ్చట చల్లని అడుగునీరు పైకి పొంగును. చిరకాలము గాలి సోకని నీరగుటచే దానిలో కార్బన్-14 తక్కువ. గిల్డర్‌సన్, ష్రాగ్ అనువారు అచ్చటి పగడమును ఏటికేడు గాక ఋతువుల వారీగా కొలిచి 1998లో ప్రకటించిన లెక్కలో, 1976 తరువాత ఆ పొంగు ఋతువునందలి కనిష్ఠపు విలువలు ఒక్కసారిగా పెరిగినవి. పైకి వచ్చెడి నీరే మారినదన్నమాట. ఎల్ నినోల తీరు మారుటకు దీనితో సంబంధమున్నదని వారు తలచిరి. గడచిన కాలపు సంగతిని ఒక రాయి ఇంత సూక్ష్మముగా చెప్పుట సామాన్యమా!

2023 వేసవిలో ఫ్లోరిడా తీరపు పగడములు సముద్రతాపమునకు తెల్లబడి విస్తారముగా నశించినవి. చచ్చిన పగడము పెరుగుట మానుటయే గాక, తొలుచుపురుగులకును స్పాంజీలకును నెలవై, పూర్వపు పొరలను సయితము క్రమముగా కోల్పోవును. బ్రదికియున్న పగడమును సన్నని గొట్టముతో తొలిచి నమూనా తీసికొని, ఆ రంధ్రమును సిమెంటుతో పూడ్చినచో, పగడము దానిపై తిరిగి పెరుగును. శతాబ్దుల వయస్సుగల దిబ్బలు ఇంకను బ్రదికియుండగానే ఈ పని జరుగవలెను.