వాకిట్లో లైటు ఆర్పాలా, ఉంచాలా?

అక్టోబరు 31, హాలోవీన్ సాయంత్రం అమెరికా వీధుల్లో ఒక నియమం నడుస్తుంది. ఎవరూ రాసిపెట్టలేదు గాని, వేషం వేసుకుని సంచి పట్టుకుని బయలుదేరిన ప్రతి పిల్లవాడికీ తెలుసు: వాకిట్లో లైటు వెలుగుతుంటే తలుపు తట్టవచ్చు, ఆర్పి ఉంటే పక్కింటికి పోవాలి. ఆ వీధిలో కాపురముండే క్రైస్తవ కుటుంబానికి ఇదొక చిక్కు. మిగతా ఏడాదంతా వాయిదా వేసుకోగలిగిన వేదాంత చర్చను ఆ సాయంత్రం ఒక్క స్విచ్చితో తేల్చేసి, వీధి మొత్తానికీ చూపించాలి.

ఆర్పేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది. సోదె, మంత్రతంత్రాలు, చచ్చినవారి దగ్గర విచారణ చేయడం దేవునికి హేయమని ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం చెబుతోంది. హాలోవీన్ నిండా మంత్రగత్తెల టోపీలు, అస్థిపంజరాలు. పైగా దాని పుట్టుకే అన్యుల పండుగలో ఉంది. మొదటి రెండు మాటలతో పేచీ లేదు. మూడోదాని దగ్గర కాస్త ఆగాలి.

ఐర్లండ్, స్కాట్లండ్‌లలో పంటకాలం ముగిసి చలికాలం మొదలయ్యే వేళ ‘సావిన్’ అనే పండుగ ఉండేది, నిజమే. అయితే ఈ రాత్రికి మనకు తెలిసిన పేరు, క్యాలెండరులో చోటు ఇచ్చింది చర్చి. మర్నాడు నవంబరు 1 సకల పరిశుద్ధుల పండుగ; ఇది దాని ముందురాత్రి. ఎనిమిదో శతాబ్దంలో పోపు మూడో గ్రెగరీ రోములో పరిశుద్ధుల పేర ఒక ప్రార్థనా మందిరం ఏర్పరిచాడు. 835లో, పోపు నాలుగో గ్రెగరీ కాలంలో, నవంబరు 1 పండుగ ఫ్రాంకుల సామ్రాజ్యమంతటికీ పాకింది. సావిన్‌ను మింగడానికే ఆ తేదీ ఎంచారని చాలామంది రాస్తారు. కాని ఆ కాలపు ఐరిష్ క్రైస్తవుల పట్టికల్లో పరిశుద్ధుల స్మరణ ఏప్రిల్ 20న కనిపిస్తుంది. సావిన్ ఇంటి పక్కనే ఉన్నవాళ్లకు తట్టని ఉపాయం ఎక్కడో రోములో తట్టిందనుకోవాలి.

ఇంటింటికీ తిరగడంలోనూ చర్చి వాసనే ఎక్కువ. మధ్యయుగాల ఇంగ్లండులో పేదలు గడపగడపకూ వెళ్లి చిన్న రొట్టెలు పుచ్చుకుని, బదులుగా ఆ ఇంట చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థించేవారు. ఆ లెక్కన ప్రొటెస్టెంటుకు అభ్యంతరం ఉండాల్సింది దయ్యాలతో కాదు, కాథలిక్కులతో. ఆ తగాదా పాతబడింది గనుక దయ్యాల మీదికి మళ్లింది కాబోలు. తరవాతి కథ అందరికీ తెలిసిందే: ఐరిష్ వలసదారులు టర్నిప్ దుంపలు తొలిచి దీపాలు పెట్టే అలవాటును అమెరికాకు తెచ్చారు, అక్కడ అంతకంటే పెద్దదీ, తొలచడానికి సులువైనదీ గుమ్మడికాయ దొరికింది. రెండో ప్రపంచయుద్ధపు చక్కెర రేషను ఎత్తేశాక మిఠాయి కంపెనీలు మిగతా పని చూసుకున్నాయి.

పుట్టుకను బట్టే పండుగను వెలివేయాలంటే అంతకంటే పెద్ద చిక్కు డిసెంబరులో ఉంది. క్రిస్మసు కూడా లేఖనంలో లేని, అన్యుల వాసనగల పండుగేనని 1659లో మసాచుసెట్స్ ప్యూరిటన్లు దాన్ని నిషేధించారు. పని మానినా, విందు చేసినా అయిదు షిల్లింగుల జరిమానా. 1681 దాకా ఆ చట్టం నిలిచింది. వాళ్ల తర్కంలో లోపం లేదు. వాళ్ల బాటలో నడవడానికే ఎవరూ సిద్ధంగా లేరు.

లైటు ఆర్పలేక, ఉంచలేక సతమతమయ్యేవాళ్లకోసం చర్చిలు మధ్యేమార్గాలు కనిపెట్టాయి. చర్చి పార్కింగులో కార్లు వరసగా నిలిపి, డిక్కీలు అలంకరించి, పిల్లలకు అక్కడే చాక్లెట్లు పంచడం ఒకటి. క్షేమంగా ఉంటుంది, అందరూ తెలిసినవాళ్లే. లోపం కూడా అదే: పొరుగువాడు తనంతట తాను మన గుమ్మం తొక్కే రాత్రి మనం గుమ్మంలో ఉండం. ఇంకొన్నిచోట్ల ఆ పూట కార్యక్రమానికి ‘హార్వెస్ట్ ఫెస్టివల్’ అని పేరు మార్చారు. పంట ముగింపు పండుగే సావిన్ కదా, అన్యుల పండుగ నుంచి పారిపోతూ నేరుగా దాని పాత ముంగిట్లోకే చేరారన్న సంగతి నిర్వాహకులకు ఎవరూ చెప్పినట్టు లేదు. గుమ్మడికాయ లోపలి గుజ్జును పాపంగా, దీపాన్ని క్రీస్తు వెలుగుగా చెప్పి పిల్లల చేత తొలిపించే తల్లిదండ్రులూ ఉన్నారు. పాఠం బాగానే ఉంది. మూడోరోజుకు ఆ కాయ కుళ్లిపోవడాన్ని ఎలా వివరిస్తారో మరి.

కాథలిక్ ఇళ్లలో పిల్లలకు పునీతుల వేషాలు వేస్తారు. దయ్యాలకు దూరంగా ఉంచుదామని ఈ దారి పట్టినవాళ్లు హతసాక్షుల బొమ్మలు చూడక తప్పదు: నరికిన తన తలను తానే చేతబట్టుకుని నిలబడిన డెనిస్, పళ్లెంలో రెండు కళ్లు పెట్టుకున్న లూసీ. దుకాణంలో అమ్మే ప్లాస్టిక్ అస్థిపంజరం వీళ్లముందు పసిబిడ్డ. లూథరన్లకు ఈ బాధ లేదు. 1517లో లూథర్ 95 సిద్ధాంతాలు వెలువరించింది సరిగ్గా ఈ తేదీనే గనుక వాళ్లు సంస్కరణ దినం జరుపుకుని ఊరుకోవచ్చు. 1842లో గుంటూరులో అడుగుపెట్టిన హేయర్ పెన్సిల్వేనియా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ. ఆయన వెనక వచ్చిన సంఘాల్లో మనవాళ్లకూ ఆ తేదీ పరాయిది కాదు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబానికి ఈ ప్రశ్న కొత్తగా కనిపిస్తుంది గాని, నిజానికి ఊళ్లో ఎదుర్కొని వచ్చిందే. వినాయకచవితినాడు పక్కింటి పిన్నిగారు ప్రసాదం గిన్నె తెచ్చిస్తే ఏం చేయాలి? కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు విప్పింది ఈ ముడినే. విగ్రహం వట్టిదే గనుక తిండికి దోషం లేదంటాడు. అయినా, నీ తిండి వల్ల పక్కవాడి మనస్సాక్షి తడబడితే మానుకోమంటాడు. వస్తువు చరిత్ర కంటే ఎదుటి మనిషి ముఖ్యమన్నమాట. వీడియో కాల్‌లో మనవడి అస్థిపంజరం చొక్కా చూసి “ఏంట్రా అయ్యా ఈ అవతారం!” అని బెంబేలెత్తే నాయనమ్మ మనస్సాక్షి కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఆవిడకోసం చొక్కా మార్చడం ఓటమి కాదు.

నాకు వింతగా తోచేది వేరే ఉంది. హాలోవీన్ చేయాలా వద్దా అని ఇంతగా వాదించుకునే ఇళ్లలో చాలావాటికి నవంబరు 1, 2 తేదీలు గుర్తుండవు. జాగరణ మిగిలింది, పండుగ జారిపోయింది. నవంబరు 2న సమాధుల పండుగ చేసి, సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించే అలవాటు మనవాళ్లకు ఉంది. విదేశంలో సమాధి దగ్గర ఉండదు గనుక అదీ వదిలేస్తున్నారు. తాతముత్తాతల ఫొటోలు బల్లమీద పెట్టి, బాప్తిస్మం మొదట ఎవరు తీసుకున్నారో, ఊరు ఏమందో పిల్లలకు చెప్పడానికి సమాధి అక్కర్లేదు. చావు గురించి పిల్లలు ఎలాగూ అడిగే వారం అది.

లైటు ఆర్పదలచుకుంటే ఆర్పవచ్చు. బడిలో స్నేహితుడు అడిగితే వాళ్లింటిని సాతాను కొలువు అనకుండా జవాబు చెప్పడం మాత్రం ముందే నేర్పి పంపాలి. లైటు ఉంచితే తలుపు దగ్గర పెద్దవాళ్లు నిలబడి పిల్లల పేర్లు అడగాలి. కరపత్రం ఇవ్వాలని మరీ మనసైతే దానితోపాటు పెద్ద సైజు చాక్లెట్ ఇవ్వండి. ఉత్త కరపత్రం చేతిలో పడిన పిల్లవాడు సువార్త గురించి ఏమనుకుంటాడో ఊహించడం కష్టం కాదు.