కండలకో పాట కావాలి!

నూనె రాసిన ఒంటి మీద దీపాల వెలుగు. ఎదురుగా జనం. పక్కన న్యాయనిర్ణేతలు. ఏడాదిపాటు ఎత్తిన బరువులకూ నెలల తరబడి తిన్న చప్పిడి తిండికీ ఫలితం తేలే వేళ. అప్పుడు క్రీడాకారుడి చేతిలో మిగిలేది ఒకే ఒక్క నిమిషం. ఆ నిమిషానికి తోడు... ఒకే ఒక్క పాట. దాన్ని ఎంచుకోవడం బరువులెత్తినంత పని!

దేహదారుఢ్య పోటీలు చూసినవాళ్లకు తెలిసిందే. మొదటి భాగమంతా అందరిదీ ఒకటే తంతు. వరసగా నిలబడతారు. మైకులో పోజు పేరు వినగానే అందరూ ఒకేసారి చేతులెత్తుతారు, ఒకేసారి వెనక్కి తిరుగుతారు. అంతర్జాతీయ సమాఖ్య ఐఎఫ్‌బీబీ లెక్క ప్రకారం పురుషుల బాడీబిల్డింగ్‌లో ఇలాంటి తప్పనిసరి పోజులు ఏడు. ముందు నుంచి రెండు, పక్కల నుంచి రెండు, వెనక నుంచి రెండు, ఆఖర్న పొట్ట, తొడలు చూపించేది ఒకటి. ఇక్కడ ఎవరి ఇష్టమూ చెల్లదు. పరీక్షలో అందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చినట్టే.

తర్వాతే అసలు కథ. ఒక్కొక్కరే వేదిక మీదికి వస్తారు. పాట తనది. పోజుల వరస తనది. సమయం అరవై సెకన్లు. ఏ కండ ముందు చూపించాలి, ఏ లోపం కనబడకుండా దాటేయాలి అన్నది పూర్తిగా తన తెలివి. కొన్ని పోటీల్లో దీనికి మార్కులుంటాయి. కొన్నింటిలో ఫైనల్‌కు చేరినవాళ్లకే ఈ అవకాశం. ఏదైనా సరే, ఇంటికెళ్లాక జనానికి గుర్తుండేది మాత్రం ఈ నిమిషమే.

తిరుపతి, చిత్తూరు జిమ్ముల్లో పోటీలకు తయారయ్యే కుర్రాళ్లలో చాలామందికి ఇది ఖరీదైన ముచ్చట. పొద్దున పని, సాయంత్రం జిమ్ము. వచ్చిన డబ్బులు గుడ్లకూ, చికెన్‌కూ, పౌడరు డబ్బాలకూ సరి. అంత ఖర్చూ, అంత కష్టమూ పెట్టి చివరికి పాటను మాత్రం పోటీకి ముందురోజు రాత్రి ఫోన్లో వెతికేవాళ్లుంటారు. పెళ్లికి అన్నీ సిద్ధంచేసి తాళిబొట్టు మరిచిపోయినట్టు!

శాండో కాలం నుంచీ...

కండలకూ సంగీతానికీ చుట్టరికం ఇవాళ్టిది కాదు. 1901 సెప్టెంబరు 14న లండన్‌లోని రాయల్ ఆల్బర్ట్ హాల్లో యూజెన్ శాండో జరిపిన పోటీని తొలి పెద్ద దేహదారుఢ్య పోటీగా చెబుతారు. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయిల్ అందులో ఓ న్యాయనిర్ణేత. క్రీడాకారులు నడిచొచ్చేందుకు శాండో స్వయంగా ఓ కవాతు బాణీ కట్టుకున్నాడు. ఆ శాండోయే 1904-05లో మన దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు.

మన పక్కింటి ఉదాహరణ ఇంకా ముచ్చటైనది. చిత్తూరు సరిహద్దు దాటితే కోలారు. ఆ ప్రాంతంవాడైన కె.వి.అయ్యర్ బెంగళూరులో వ్యాయామశాల నడిపి ఎందరినో తయారుచేశాడు. 1930లో 'మజిల్ కల్ట్' అనే పుస్తకం రాశాడు. అక్కడితో ఆగలేదు. నాటకాలు ఆడించాడు. హోయసల రాణి, నాట్యకోవిద శాంతల మీద కన్నడంలో నవల రాశాడు. కండలు పెంచే మనిషికి నాట్యంతో పనేమిటని అడిగేవాళ్లకు ఆయన జీవితమే జవాబు.

ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ కూడా 1970ల్లో పోజింగ్‌కు హుషారు పాటల వెంట పడలేదు. 'ఎక్సోడస్' సినిమాకు ఎర్నెస్ట్ గోల్డ్ చేసిన గంభీరమైన బాణీని ఎంచుకున్నాడు. 1977లో వచ్చిన 'పంపింగ్ ఐరన్' డాక్యుమెంటరీ మొదలయ్యేదే ఓ బ్యాలే క్లాసులో. నృత్యం నేర్పే ఆమె చేతిని ఎలా తిప్పాలో చూపిస్తుంటే ఆర్నాల్డ్, ఫ్రాంకో కొలంబు బుద్ధిగా నేర్చుకుంటుంటారు. అంతటివాడికే తప్పలేదు మరి!

ఆదితాళం లెక్క

పాట ఎంపికలో మొదటి ప్రశ్న 'ఏ పాట?' కాదు. 'ఎంత వేగం?' దీనికి మనవాళ్లకు తెలిసిన ఆదితాళం చాలు. నాలుగు, రెండు, రెండు... మొత్తం ఎనిమిది దెబ్బలు.

పాటలో నిమిషానికి 80 దెబ్బలు పడుతున్నాయనుకోండి. అరవై సెకన్లలో సరిగ్గా పది ఆవర్తనాలు. ఒక్కో ఆవర్తనం ఆరు సెకన్లు. మొదటి నాలుగు దెబ్బల్లో కదలాలి, తర్వాతి నాలుగు దెబ్బలు నిలవాలి. అంటే మూడు సెకన్లు కదలిక, మూడు సెకన్లు నిలకడ. పది పోజులు హాయిగా పడతాయి. న్యాయనిర్ణేతకు చూసేందుకు సమయముంటుంది. ఫొటో తీసేవాళ్లకూ అంతే.

అదే 120 దెబ్బల పాటైతే ఆవర్తనం నాలుగు సెకన్లే. పదిహేను పోజులు పట్టొచ్చు గానీ నిలిచేది రెండు సెకన్లు. కండ పూర్తిగా బిగుసుకునేలోపే తర్వాతి పోజు తరుముకొస్తుంది. 140 దాటితే అది పోజింగ్ కాదు, పరుగు. మరీ నచ్చిన పాట వేగంగా ఉంటే ఓ ఉపాయముంది. ఒక ఆవర్తనంలో కదిలి, తర్వాతి ఆవర్తనమంతా నిలవడమే.

ఈ వేగం తెలుసుకోవడానికి యంత్రాలక్కర్లేదు. గడియారం ముందు పెట్టుకుని తొడ మీద తాళం వేయండి. పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. తిరుపతిలో అయితే ఇంకా సులువు. శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉన్న ఊరది. మృదంగం నేర్చుకుంటున్న స్నేహితుణ్ని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేస్తాడు.

ఎవరి ఒంటికి ఏ పాట?

చొక్కా కొలత తీసుకుని కుట్టించుకున్నట్టే పాటనూ ఒంటికి కొలిచి తీసుకోవాలి. దిట్టమైన ఛాతీ, వెడల్పు వీపు ఉన్నవాళ్లకు డోళ్లు, బూరలు మోగే బరువైన సంగీతం నప్పుతుంది. మనిషి చిన్నగా ఉండి కొలతలు చక్కగా కుదిరితే వయొలిన్, వేణువులాంటి సాగే నాదం ఆ తీరును చూపిస్తుంది. 1952లో తన విభాగంలో మిస్టర్ యూనివర్స్ గెలిచిన మనోహర్ ఐచ్ ఎత్తు అయిదడుగులైనా లేదు. చిన్న ఒళ్లున్నవాడు పెద్ద చప్పుడు వెనక దాక్కోనక్కర్లేదని చెప్పడానికి అంతకంటే సాక్ష్యమేం కావాలి?

మన దగ్గర తేలిగ్గా మనసు లాగేది హీరో పాట. పేరున్న హీరో పాట పడగానే హాలు దద్దరిల్లుతుంది. అయితే ఓ చిక్కు. ఆ ఈలలు కండకా, హీరోకా? పైగా అభిమానులు రెండు వర్గాలైతే సగం హాలు మొహం తిప్పుకుంటుంది. మాటలున్న పాటకు ఇంకో ఇబ్బందీ ఉంది. జనం చెవి మాటల వెంట పోతే కన్ను వేదిక మీద నిలవదు. అందుకే మాటలు లేని నేపథ్య సంగీతం మేలు. బూతు మాటలు, కించపరిచే మాటలు ఉన్న పాటలను నిబంధనలే ఒప్పుకోవు. అర్థం తెలియని ఇంగ్లిష్ ర్యాప్ ఎంచుకునేవాళ్లు ముందు దాని అర్థం తెలుసుకోవాలి.

మరి స్థానికంగా ఏముంది? చాలానే ఉంది. 2022లో తిరుపతి, చిత్తూరు వేర్వేరు జిల్లాలయ్యాయి గానీ చెవులు వేరుకాలేదు. నగరి, పుత్తూరు వైపు కుర్రాళ్లకు తమిళ పాట పరాయి పాట కాదు. చిత్తూరు నుంచి వేలూరు గంట ప్రయాణం. ఇళయరాజా, రెహమాన్ ఇక్కడ ఇంటి మనుషులే. ఇక గంగజాతరలో మోగే పంబలు, పలకలు... వాటి దెబ్బ పడితే కాలు నిలవదు. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అంటూ రోజుకో వేషం కట్టే ఊరికి శరీరంతో కథ చెప్పడం కొత్త కాదు. 2024 డిసెంబరులో విడుదలైన 'పుష్ప 2'లో జాతర ఘట్టం తిరుపతి గంగమ్మ సంప్రదాయాన్ని దేశమంతా చూపించింది.

పల్లెల్లోని ధర్మరాజుల గుళ్లలో జరిగే భారత ఉత్సవాలనే చూడండి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. ఆఖరి రోజున మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ ముందు భీముడి వేషధారి గద తిప్పుతాడు. కృష్ణుడు వచ్చేటప్పుడు మద్దెల ఒకలా పలుకుతుంది, భీముడు వచ్చేటప్పుడు ఇంకోలా. పాత్రను బట్టి దరువు. పోజింగ్‌కు ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

భక్తిపాట పెట్టొచ్చా?

వెంకన్న కొండ కింద పెరిగినవాళ్లకు ఈ సందేహం రాక మానదు. జిమ్ములో ఆంజనేయుడి పటానికి అగరొత్తి వెలిగించందే బరువు ముట్టనివాళ్లు ఎందరో. అయినా చిన్న నిక్కరుతో, నూనె పూసిన ఒంటితో కీర్తనకు పోజులిస్తే అందరూ ఒకేలా తీసుకోరు. 2023 మార్చిలో మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో హనుమంతుడి విగ్రహం ఉన్న వేదిక మీద మహిళా క్రీడాకారులు పోజులివ్వడం పెద్ద వివాదమై రాజకీయ పార్టీల దాకా వెళ్లింది. అక్కడ ఆ అమ్మాయిలు చేసింది తమ ఆటే. కానీ మర్నాటి మాటల్లో వాళ్ల కష్టం ఊసే లేదు.

అసలు నష్టం అదే. దేవుడి పేరు వినగానే మనవాళ్లు చేతులు జోడిస్తారు. జోడించిన చేతులు చప్పట్లు కొట్టవు! భక్తి ఉన్నవాళ్లు వేదిక ఎక్కేముందు దండం పెట్టుకోవచ్చు. పాటలో పేరు లేకుండా ఆ డోలు, ఆ శంఖం, ఆ గంట మాత్రం తీసుకున్నా గంభీరత ఎక్కడికీ పోదు.

కత్తిరింపులోనే కిటుకు

ఒకప్పుడు ఇదంతా క్యాసెట్ల పని. కావలసిన చోటికి పెన్సిలుతో రీలు తిప్పిపెట్టుకునేవాళ్లు. తర్వాత సీడీలు వచ్చాయి. ఇప్పుడు ఫోన్లోనే పాట కత్తిరించుకోవచ్చు. సులువైంది కదా అని నాలుగు పాటల ముక్కలు అతికిస్తే కలగూరగంపే. అరవై సెకన్లకు ఒకటి, మహా అయితే రెండు పాటలు చాలు.

* మొదట్లో ఒక సెకను నిశ్శబ్దం వదలండి. మొదటి దెబ్బకు మొదటి పోజు సిద్ధంగా ఉండాలి.

* నలభయ్యో సెకను దగ్గర పాట ఎత్తుకోవాలి. మీ బలమైన కండను అక్కడికి దాచుకోండి.

* పాట మెల్లగా కరిగిపోకూడదు. ఒక్క దెబ్బతో ఆగాలి.

* ఉత్సవాల్లో పెట్టే పెద్ద స్పీకర్లలో లోతైన బాస్ బురదలా కలిసిపోతుంది. ఇయర్‌ఫోన్లో బాగుందని మురిసిపోకండి. ఆటోలోని స్పీకరులో వినండి. అక్కడా దరువు విడిగా వినబడితే మంచి ఎంపికే.

* పాటను పెన్‌డ్రైవ్‌లో విడిగా పెట్టి పైన పేరు, పోటీ నంబరు రాయండి. ఇంకో ప్రతి స్నేహితుడి దగ్గర ఉంచండి. ఫోను ఇస్తే మధ్యలో ఎవరో ఒకరు కాల్ చేయక మానరు!

అన్నిటికంటే ముఖ్యం ఊపిరి. కండ బిగించినప్పుడు ఊపిరి బిగపట్టడం అందరూ చేసే తప్పు. దాంతో రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతుంది, మొహం కందిపోతుంది, కాళ్లు వణుకుతాయి. కదిలే నాలుగు దెబ్బల్లో పీల్చి, నిలిచే నాలుగు దెబ్బల్లో మెల్లగా వదలడం పాటతోపాటే సాధన చేయాలి. కండలు తేలాలని నీళ్లు పూర్తిగా మానేసి, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు మింగే పిచ్చి పని మాత్రం వద్దు. అల్జీరియాలో పుట్టిన మొహమ్మద్ బెనాజిజా 1992లో నెదర్లాండ్స్‌లో పోటీ ముగిసిన కొద్ది గంటల్లోనే ప్రాణాలు వదిలాడు. ఏ పాటా, ఏ పతకమూ అంత విలువైనవి కావు.

పోటీకి నెలన్నర ముందే పాట ఖాయం చేసుకుంటే రోజుకు నాలుగైదుసార్లు సాధన చేయొచ్చు. మొదట అద్దం ముందు, తర్వాత అద్దం లేకుండా. ఆఖరి వారంలో పాట లేకుండా కూడా. ఎందుకంటే కరెంటు పోవచ్చు, పెన్‌డ్రైవ్ మొరాయించొచ్చు. తాళం ఒంట్లో ఇంకినవాడు ఆగడు. అతను ఆగకపోతే జనమే చప్పట్లతో తాళం అందుకుంటారు. అప్పుడు వినబడేది ఏ సినిమాలోనూ లేని పాట. దానికి హక్కుదారు ఆ కుర్రాడొక్కడే!