సానయంత్రపు మోటారు ఏల కాలును?

ఉలులు, బాడిసలు, కొడవళ్ళు పదును పెట్టుటకు చిన్న కార్ఖానాలలోను, కమ్మరి కొలుములవద్దను విద్యుత్తుతో నడచు సానయంత్రము కనిపించును. బల్లకు బిగించిన ఒక మోటారు, దాని ఇరుసు రెండు కొనలకు రెండు సానరాళ్ళు - ఇంతే దాని నిర్మాణము. ఒకనాడు పని నడుమ వార్నిషు మాడిన వాసన వచ్చును. మోటారుపై చేయి వేయగానే చుర్రుమనును. యజమాని దానిని వైండింగు దుకాణమునకు మోసికొనిపోయి కొత్త తీగ చుట్టించుకొని వచ్చును. నెల తిరుగకముందే మరల అదే వాసన! తీగ మారినది గాని, తీగను కాల్చిన కారణము మారలేదు. ఆ కారణమును వెదకు మార్గమేమి?

మోటారు వేడెక్కుటయే దోషము కాదు. తాను తీసికొన్న శక్తినంతటిని ఏ మోటారును పనిగా మార్చలేదు. అర గుర్రపుశక్తి అనగా 373 వాట్లు. అంత పని చేయు మోటారు సామర్థ్యము 60 శాతమైనచో, అది సుమారు 620 వాట్లు తీసికొనును. మిగిలిన 250 వాట్లు దాని పొట్టలోనే వేడిగా మారును. తీగలో పుట్టు వేడి విద్యుత్ప్రవాహపు వర్గమును అనుసరించి పెరుగును; ప్రవాహము రెండింతలైనచో వేడి నాలుగింతలగును. సానయంత్రపు మోటార్లు పెక్కు దుమ్ము చొరకుండ అన్నివైపుల మూయబడి యుండును. వేడి పైతొడుగు గుండనే పోవలెను. తొడుగుపై రాతిపొడి పేరుకొన్నచో కంబళి కప్పినట్లే.

తీగలపై నున్న విద్యుద్బంధకము ఎంత వేడికి ఓర్చునో తరగతులుగా నిర్ణయించియున్నారు. ఏ తరగతికి 105, బి తరగతికి 130, ఎఫ్ తరగతికి 155 సెంటిగ్రేడు డిగ్రీలు హద్దులు. 1930లో మాంట్‌సింగరు అను ఇంజనీరు ట్రాన్స్‌ఫార్మర్ల బంధకమును గూర్చి వ్రాయుచు, ప్రతి 8 డిగ్రీల పెరుగుదలకు దాని ఆయువు సగమగునని తెలిపెను. మోటార్లకు 10 డిగ్రీలని స్థూలముగా లెక్కింతురు. కనుక కొద్దిపాటి అధికోష్ణత కూడ మోటారు ఆయువును త్వరగా తినివేయును.

అయితే ఈ వేడిని చేతితో అంచనా కట్టరాదు. 60 డిగ్రీలకే చేయి ఓర్వలేదు. మోటారుకు అది సామాన్యము. రాగి వేడెక్కినకొలది దాని నిరోధము పెరుగునన్న సూత్రమే ఇచట నమ్మదగిన ఉష్ణమాపకము. ప్లగ్గు తీసి, ముఖ్య చుట్ట నిరోధమును చల్లగా నున్నప్పుడు ఒకసారి, పని ఆపిన వెంటనే ఒకసారి కొలువవలెను. 30 డిగ్రీల వద్ద 4 ఓములున్నది వేడిమీద 5 ఓములైనదనుకొనుడు. 30కి 234.5 కలిపి, వచ్చినదానిని నాలుగింట అయిదు చొప్పున హెచ్చించి, మరల 234.5 తీసివేసినచో 96 వచ్చును. చుట్ట సగటు ఉష్ణోగ్రత 96 డిగ్రీలన్నమాట.

ఇక కారణములను ఒక్కొక్కటిగా వేరుచేయవలెను. మొదట ప్లగ్గు తీసి రాయిని చేతితో త్రిప్పవలెను. అది తేలికగా తిరిగి, మెల్లగా ఆగవలెను. బిగువుగా నున్నను, గరగరమన్నను బేరింగులో గ్రీజు ఎండినదనియో, దుమ్ము చేరినదనియో అనుమానింపవచ్చును. మోటారు నడుమకంటె కొనలు ఎక్కువ కాలుచున్నచో ఈ అనుమానము బలపడును.

తరువాత రాళ్ళపై కాపులుంచి, ఏ పనియు పెట్టక పది నిమిషములు నడుపవలెను. అపుడే మిక్కిలి కాలినచో దోషము పనిలో లేదు, మోటారులోనో లైనులోనో ఉన్నది. పెక్కు సానయంత్రములలో బయలుదేరుటకు మాత్రమే పనికివచ్చు రెండవ చుట్ట యుండును. వేగము సుమారు ముప్పాతిక వంతు అందుకొనగానే ఒక అపకేంద్ర స్విచ్చి దానిని విడదీయును. అపుడు టక్కుమను చప్పుడు వినబడును; ఆపినపుడు వేగము తగ్గుచుండగా మరల వినబడును. పొడి చేరి ఈ స్విచ్చి అతుకుకొనిపోయినచో, కొన్ని సెకండ్లకై ఉద్దేశింపబడిన సన్నని చుట్ట ఎడతెగక పనిచేసి కొద్ది నిమిషములలో మాడిపోవును. అన్ని వేళల కండెన్సరుతోనే నడచు మోటార్లకు ఈ స్విచ్చి యుండదు. వాటిలో కండెన్సరు బలహీనపడినదేమో చూడవలెను. ప్లగ్గు తీసిన పిమ్మటను కండెన్సరులో విద్యుత్తు నిలిచియుండవచ్చును. దానిని ఒక తంతు బల్బు ద్వారా ఖాళీ చేసిన తరువాతనే ముట్టవలెను.

లైనునుకూడ మరువరాదు. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగతో 30 మీటర్ల దూరము విద్యుత్తు తెచ్చినచో, రాకపోకలకు కలిపి నిరోధము సుమారు 1.1 ఓము. బయలుదేరునపుడు 15 ఆంపియర్లు తీసికొను మోటారుకు 16 వోల్టులు దారిలోనే పోవును. 230కి బదులు 214 మిగులును. బయలుదేరు బలము వోల్టేజి వర్గమును బట్టి యుండుటచే 13 శాతము తగ్గును. మోటారు నెమ్మదిగా లేచి, రెండవ చుట్టపై భారము ఎక్కువకాలము నిలుచును. తీగ సన్నమైనకొలది ఈ బాధ అధికము. వోల్టేజి హెచ్చినను మేలు కాదు. అపుడు ఇనుము అయస్కాంతశక్తితో నిండిపోయి, పని లేకయే ప్రవాహము పెరుగును. వోల్టేజి సరిగా నుండియు ఖాళీగా నడచు మోటారు పేరుపలకపై వ్రాసిన ఆంపియర్లకు మించి తీసికొన్నచో, చుట్టలోని కొన్ని మెలికలు ఒకదానికొకటి తగిలినవని శంకింపవలెను.

ఖాళీగా చల్లగానే నడచి, పనిలో మాత్రమే కాలినచో దోషము పనితీరుది. మెత్తని అల్యూమినియము పట్టించుటచే రంధ్రములు పూడిన రాయి, నునుపెక్కిన రాయి కోయలేదు. పనివాడు మరింత గట్టిగా అదుమును, మోటారు మరింత మూల్గును. రాయి ముఖమును డ్రెస్సరుతో గీసి తెరచినచో ఒత్తిడి తగ్గును. పేరుపలకపై ఎస్ 2, 30 నిమిషములు అని యున్నచో, అంతసేపు నడిపి చల్లారనిమ్మని అర్థము. దినమంతయు నడుపుటకు అది తగదు. నిర్ణీత పరిమాణమునకు మించిన రాయిని ఎన్నడును తగిలింపరాదు. అది మోటారుకు భారమే కాక, పగిలినచో ప్రాణాపాయము.

ఈ పరీక్షలకు కావలసినవి ఒక మీటరు, ఒక గంట వ్యవధి, శ్రద్ధగల చెవి. వాసన వచ్చిన వెంటనే స్విచ్చి తీసి, ఈ క్రమమున వెదకువానికి తరచు గ్రీజుతోనో, స్విచ్చి శుభ్రపరచుటతోనో, లావైన తీగతోనో పని తీరును. చుట్ట నిజముగా కాలియున్నను, కారణమును సరిచేసిన పిమ్మటనే కొత్త తీగ చుట్టింపవలెను. లేనిచో రెండవమారు కాలునది తీగ మాత్రమే కాదు, పనివాని కష్టార్జితము కూడ.