తోటలు లేని దేశం నుంచి పామాయిల్ ఎగుమతి
ప్రాంతీయ ఒప్పందాల లాభం సుంకాల తేడా ఉన్నంతవరకే

వాణిజ్య స్థాయిలో ఆయిల్ పామ్ తోటలు లేని నేపాల్‌కు 2018-19 ఆర్థిక సంవత్సరపు ఎగుమతుల్లో పామాయిల్‌దే అగ్రస్థానం. ఆ సరకు దాదాపు అంతా భారతదేశానికే వచ్చింది. మలేషియా, ఇండొనేషియాల ముడినూనె కోల్‌కతా, హల్దియా రేవుల్లో దిగి, సరిహద్దు దాటి నేపాల్ మిల్లులకు చేరి, అక్కడ శుద్ధి అయి, తిరిగి సరిహద్దు దాటి భారత బజారులో అమ్ముడయింది. నూనె ఇంత చుట్టు తిరగడానికి కారణం కిరాయి చవక కావడం కాదు, మిల్లుల నైపుణ్యం అంతకన్నా కాదు. అసలు కారణం దిగుమతి సుంకం.

దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం (సాఫ్టా)పై 2004 జనవరి 6న ఇస్లామాబాద్‌లో సంతకాలు జరిగాయి. 2006 జనవరి 1 నుంచి అది అమలులోకి వచ్చింది. నేపాల్, బంగ్లాదేశ్ వంటి వెనుకబడిన దేశాల సరకులకు భారతదేశం సుంకం మినహాయింపు ఇచ్చింది. చిన్న దేశాల్లో పరిశ్రమలు పెరగాలని, ఉపాధి కలగాలని, భారతదేశంతో వాటికున్న వాణిజ్య లోటు తగ్గాలని ఆశించారు. ఆశయం మంచిదే. అయితే వంటనూనెల విషయంలో ఆ లాభం ఎంతవరకు నిలిచిందో లెక్కలు చూస్తే తెలుస్తుంది.

సుంకమే విలువగా మారిన లెక్క

మూడో దేశపు సరకు ఈ మినహాయింపును వాడుకోకుండా ప్రతి ఒప్పందంలోనూ మూలదేశ నిబంధన ఉంటుంది. సాఫ్టా కింద వెనుకబడిన దేశాలు తమ సరకు విలువలో కనీసం 30 శాతం సొంత గడ్డపై చేకూర్చాలి. ముడినూనెను శుద్ధి చేసినంత మాత్రాన విలువ అంతగా పెరగదన్నది భారత మిల్లర్ల వాదన. వారి వాదన నిజమే. అయినా కాగితాలమీద 30 శాతం ఎలా కనిపించగలదో ఒక చిన్న లెక్క చెబుతుంది.

ముడి పామాయిల్ అంతర్జాతీయ ధర 95 రూపాయలు, శుద్ధికి అయ్యే ఖర్చు 5 రూపాయలు అనుకుందాం. 2019లో ముడినూనెపై సర్‌ఛార్జీతో కలిపి 44 శాతం సుంకం ఉండేది. కాబట్టి భారత మిల్లరుకు ముడిసరకు సుమారు 137 రూపాయలకు, శుద్ధి అయిన నూనె 142 రూపాయలకు పడుతుంది. నేపాల్ వర్తకుడు అదే నూనెను 138కి అమ్మితే చాలు, గిరాకీ అతనికే. ముడిసరకు విలువ 95 పోగా మిగిలిన 43 రూపాయలు మూలదేశ లెక్కలో నేపాల్‌లో పెరిగిన విలువగా కనిపిస్తుంది. అది అమ్మకం ధరలో 31 శాతం. నిబంధన నెరవేరింది!

నిజానికి మిల్లులో పెరిగిన విలువ 5 రూపాయలే. మిగిలినదంతా భారత సుంకం వల్ల ఇక్కడి బజారులో పెరిగిన ధర. అంటే సుంకం ఎంత ఎక్కువగా ఉంటే మూలదేశ నిబంధనను దాటడం అంత సులువు. గట్టు ఎత్తు పెంచినకొద్దీ గండి కూడా వెడల్పవుతుందన్నమాట.

ఈ లావాదేవీలో భారత ఖజానా వదులుకునేది సుమారు 42 రూపాయలు. అందులో ఇక్కడి కొనుగోలుదారుకు దక్కేది 4 రూపాయలు. మిగిలిన 38 రూపాయల్లోంచే నేపాల్ ప్రభుత్వపు సొంత సుంకం, రానుపోను రవాణా ఖర్చు, మిల్లుదారు లాభం రావాలి. కూలీ కింద నేపాల్ కార్మికుడికి ముట్టేది శుద్ధి ఖర్చు 5 రూపాయల్లో ఒక భాగం మాత్రమే.

కస్టమ్స్ కూటములపై 1950లో జాకబ్ వైనర్ రాసిన గ్రంథం వచ్చినప్పటి నుంచి అర్థశాస్త్రజ్ఞులు ప్రాంతీయ ఒప్పందాలను రెండు విధాలుగా తూచి చూస్తున్నారు. చవకగా తయారయ్యే చోటికి ఉత్పత్తి తరలితే కొత్త వాణిజ్యం పుట్టినట్టు. చవక సరకును కాదని మినహాయింపు పొందిన ఖరీదైన సరకు కొంటే ఉన్న వాణిజ్యం దారి మళ్లినట్టు. నూనె వ్యవహారం ఈ రెంటిలో దేనికీ పూర్తిగా చెందదు. సరకు పుట్టేది మునుపటి చోటే, వాడేదీ మునుపటి చోటే. మధ్యలో దారి ఒక్కటే మారింది.

శ్రీలంక వనస్పతి చెప్పిన పాఠం

ఈ ముచ్చట నేపాల్‌తో మొదలైనది కాదు. భారత-శ్రీలంక స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందంపై 1998 డిసెంబరు 28న సంతకాలు జరగగా, 2000 మార్చిలో అది అమలులోకి వచ్చింది. అందులో విలువ పెంపు నిబంధన 35 శాతం. 2005లో భారతదేశం ముడి పామాయిల్‌పై 80 శాతం, శుద్ధి చేసిన దానిపై 90 శాతం సుంకం వసూలు చేస్తుండగా శ్రీలంకలో సుంకం అంతకంటే చాలా తక్కువగా ఉండేది. తేడా గమనించిన భారత పెట్టుబడిదారులే అక్కడికి వెళ్లి వనస్పతి ఫ్యాక్టరీలు పెట్టారు.

శ్రీలంక నుంచి భారతదేశానికి ఎగుమతులు 2000లో సుమారు 5.8 కోట్ల డాలర్లు ఉండగా 2005 నాటికి 56 కోట్ల డాలర్లకు చేరుకున్నాయి. అయిదేళ్లలో తొమ్మిది రెట్లకు పైగా పెరుగుదల! ఒప్పందం విజయవంతమైందని రెండు రాజధానుల్లోనూ చెప్పుకున్నారు. కానీ ఆ పెరుగుదలలో పెద్ద వాటా వనస్పతిది, రాగి సరకులది. రాగి కథ కూడా సుంకాల తేడా కథే.

ఇక్కడి వనస్పతి మిల్లర్లు గగ్గోలు పెట్టారు. 2006లో వనస్పతి, మార్గరిన్, బేకరీ కొవ్వులన్నింటికీ కలిపి ఏడాదికి 2.5 లక్షల టన్నుల కోటా ఖరారయింది. అసలు దెబ్బ కోటా వల్ల కాదు, ఆ తర్వాత తగిలింది. దేశంలో నూనెల ధరలు మండిపోతుండగా 2008 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వం ముడి వంటనూనెలపై సుంకం పూర్తిగా ఎత్తివేసింది. శుద్ధి చేసిన నూనెలపై 7.5 శాతానికి తగ్గించింది. ఆ నిర్ణయం శ్రీలంకను ఉద్దేశించింది కాదు, ఒప్పందంలో ఒక్క అక్షరమూ మారలేదు. కానీ సుంకంలో తేడా పోవడంతో ద్వీపంలోని వనస్పతి ఫ్యాక్టరీలకు పని లేకుండా పోయింది. 2009 నాటికి శ్రీలంక ఎగుమతులు 33 కోట్ల డాలర్లకు దిగువన నిలిచాయి.

నేపాల్ ఎగుమతుల ఎగుడుదిగుడు

నేపాల్‌కూ ఈ అనుభవం కొత్త కాదు. 1996 వాణిజ్య ఒడంబడిక కింద భారీగా వచ్చిన వనస్పతికి 2002లో ఏడాదికి లక్ష టన్నుల కోటా విధించారు. ఆ తర్వాత సాఫ్టా కింద పామాయిల్ వంతు వచ్చింది. 2020 జనవరి 8న భారతదేశం శుద్ధి చేసిన పామాయిల్ దిగుమతిపై ఆంక్ష పెట్టింది. నేపాల్ మిల్లులు వెంటనే సోయా నూనెకు మళ్లాయి. 2020-21లో నేపాల్ ఎగుమతుల్లో సోయా నూనెది మొదటి స్థానం. ఆ నూనె కూడా దిగుమతి చేసుకున్న ముడిసరకు నుంచి తీసిందే.

ధరల పెరుగుదల అరికట్టడానికి భారతదేశం 2021లో సుంకాలు తగ్గించిన కొంతకాలానికి ఈ వ్యాపారం చల్లబడింది. నేపాల్ మొత్తం ఎగుమతులు 2021-22లో సుమారు 20,000 కోట్ల నేపాలీ రూపాయలు కాగా, 2023-24లో 15,200 కోట్లకు పడిపోయాయి. 2024 సెప్టెంబరు 14న భారతదేశం ముడినూనెలపై మొత్తం సుంకాన్ని 27.5 శాతానికి, శుద్ధి చేసిన వాటిపై 35.75 శాతానికి పెంచింది. నేపాల్ ఎగుమతులు ఒక్కసారిగా ఎగబాకి 2024-25లో 27,700 కోట్ల రూపాయలు అయ్యాయి. సోయా నూనె మళ్లీ పట్టికలో మొదటికి వచ్చింది. ఒక దేశపు ఎగుమతుల పట్టికను పొరుగు దేశపు సుంకాల నోటిఫికేషన్లు ఇలా పైకీ కిందికీ లాగుతున్నాయి.

గోదావరి గెలలపై నీడ

ఇదే తాడుకు రెండో కొస మన తెలుగు జిల్లాల్లో ఉంది. దేశంలో తయారయ్యే పామాయిల్‌లో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలదే. ఏలూరు, గోదావరి జిల్లాల్లోనూ, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లోనూ ఆయిల్ పామ్ తోటలు విస్తరించాయి. గెలల ధరను ముడి పామాయిల్ ధర, గెలలో నూనె శాతం ఆధారంగా నిర్ణయిస్తారు. కాబట్టి దిగుమతి సుంకంలో ప్రతి మార్పూ తోటదాకా చేరుతుంది.

దేశం ఏటా దిగుమతి చేసుకునే వంటనూనెలు సుమారు 160 లక్షల టన్నులు. అందులో పొరుగు దేశాల ద్వారా సుంకం లేకుండా వచ్చేది స్వల్పభాగమే. దాని పోటీ ఎక్కువగా తాకేది ఉత్తరాది, తూర్పు రాష్ట్రాల రిఫైనరీలను. తెలుగు రైతుకు అంతకంటే ముఖ్యమైనది ఆసియాన్ దేశాలతో 2009 ఆగస్టు 13న కుదిరిన ఒప్పందం. 2010 జనవరి 1న అమలులోకి వచ్చిన ఆ ఒప్పందం ప్రకారం 2019 చివరికల్లా ముడి పామాయిల్‌పై మౌలిక సుంకాన్ని 37.5 శాతానికి, శుద్ధి చేసిన దానిపై 45 శాతానికి దించవలసి వచ్చింది. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి దిగువన ఎంత వసూలు చేయాలన్నది ఢిల్లీ ఇష్టం.

ఆ ఇష్టం తరచు మారుతోంది. ముడి పామాయిల్‌పై మొత్తం సుంకం 2019లో 44 శాతం. 2021 అక్టోబరులో 8.25, 2022 ఫిబ్రవరిలో 5.5, 2024 సెప్టెంబరులో 27.5, 2025 మే 30 నుంచి 16.5 శాతం. ఆయిల్ పామ్ మొక్క నాటిన నాలుగో ఏటగాని గెల చేతికి రాదు. ఆ తర్వాత పాతికేళ్లకు పైగా కాపు కాస్తుంది. 44 శాతం రక్షణ చూసి మొక్క నాటిన రైతు తొలి గెలలు కోసేసరికి ఆ రక్షణ 5.5 శాతానికి కుంచించుకుపోయింది. 2022 తొలి నెలల్లో ఉక్రెయిన్ యుద్ధం, ఇండొనేషియా ఎగుమతి నిషేధం వల్ల ధరలు పెరిగి ఆ లోటు కనిపించలేదు. ఆ ఏడాది రెండో సగంలో అంతర్జాతీయ ధర దిగినప్పుడు తెలిసివచ్చింది.

నూనె స్టాకిస్టు ధారణ నచ్చకపోతే సరకు ఆపుకోగలడు. గెల రైతుకు ఆ వీలు లేదు. కోసిన 24 గంటల్లో గెల మిల్లుకు చేరకపోతే నూనె నాణ్యత చెడుతుంది. 2021 ఆగస్టులో 11,040 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ ఆయిల్ పామ్ పథకంలో రైతుకు గిట్టుబాటు ధర హామీ చేర్చడానికి కారణం ఇదే.

నిలిచే లాభం ఏది?

ప్రాంతీయ ఒప్పందాలు వట్టివని ఇందువల్ల తేల్చడానికి వీల్లేదు. శ్రీలంక మిరియాలకు ఏటా 2,500 టన్నుల వరకు భారతదేశంలో సుంకం లేదు. నేపాల్ పెద్ద ఏలకులు, ఇలాం తేయాకు, అల్లం భారత బజారుకే వస్తాయి. నూనెతో పోలిస్తే వీటి విలువ చిన్నది. కానీ ఇవి ఆ నేలపై పండినవి. అమ్మిన డబ్బులో హెచ్చుభాగం అక్కడి రైతుకు చేరుతుంది. సుంకంలో తేడా తగ్గినా పంట మాయం కాదు. వీటికి ఎదురయ్యే చిక్కు వేరు. సరిహద్దులో నాణ్యత పరీక్షలు, తెగుళ్ల తనిఖీలు, ప్రయోగశాల నివేదికల కోసం రోజుల తరబడి నిరీక్షణ. సుంకం లేని సరకును కాగితం ఆపుతోంది.

మూలదేశ రుజువులు దిగుమతిదారే చూపాలన్న కస్టమ్స్ నిబంధనలు 2020 సెప్టెంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. పట్టు బిగించడం అవసరమే. అయినా 30 శాతం లెక్కలో సుంకమే విలువగా చలామణి అయ్యేంతవరకు తనిఖీ ఎంత గట్టిగా ఉన్నా ప్రయోజనం పరిమితం. అమ్మకం ధరను బట్టి కాక మిల్లులో నిజంగా అయిన ఖర్చును బట్టి విలువ పెంపును కొలిస్తే ఈ దారి చాలావరకు మూసుకుపోతుంది.

ప్రస్తుతానికి నూనెల వర్తకులు గమనించవలసింది రెండు సుంకాల మధ్య తేడాను. 2025 మే నిర్ణయంతో ముడినూనెకు, శుద్ధి చేసిన నూనెకు మధ్య సుంకం తేడా 8.25 నుంచి 19.25 శాతానికి పెరిగింది. ముడినూనె తెచ్చి ఇక్కడే శుద్ధి చేసే కాకినాడ, కృష్ణపట్నం మిల్లులకు ఇది ఊరట. ముడినూనెపై సుంకం తగ్గిన మేరకు బీర్‌గంజ్ మిల్లుకు మార్జిన్ తగ్గుతుంది, ఏలూరు రైతుకు రక్షణ తగ్గుతుంది. ఒకరినొకరు ఎరుగని ఈ ఇద్దరూ ఎదురుచూసేది మాత్రం ఢిల్లీ నుంచి వెలువడే తర్వాతి నోటిఫికేషన్ కోసమే.